బోరు నీళ్ల ఫ్లోరైడ్ 2.8, చేన్ల మందు, మందు కల్లు: విషం లెక్క ఎట్ల చూడాలె?

చెలక_బాయి | మంగళవారం, ఉదయం 7:40

నల్గొండ జిల్లా మర్రిగూడ దిక్కు బోరు. నీళ్ల రిపోర్టు ఇట్ల వచ్చింది: ఫ్లోరైడ్ 2.8, ఆల్కలినిటీ 320, కాల్షియం 28 (అన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్ల), పీహెచ్ 7.9. ఇంటికి భగీరథ నల్లా ఉన్నది. కానీ చేను కాడ, పైపు పగిలిన రోజుల్ల ఊర్లె గూడ, ఈ బోరు నీళ్లే తాగుతరు.

మూడు సంగతులు తెల్వాలె. ఇవే నీళ్లు తాగే ఇద్దరిల ఒకరికి పళ్ల మీద గార పడ్డది, ఇంకొకరికి పడలే. ఎందుకు? పటికతోని ఇంట్లనే ఫ్లోరైడ్ తియ్యొచ్చా? మూడోది నీళ్ల సంగతి కాదు: మందు డబ్బా మీది త్రికోణం రంగు చూసి "ఇది తక్కువ విషం" అనుకొని కొట్టొచ్చా?

జార్‌టెస్ట్ | మంగళవారం, ఉదయం 8:22

రిపోర్టు బాగా వివరంగా ఉంది. మూడు ప్రశ్నలకూ మూలం ఒకటే కాబట్టి ముందు అది చెప్తాను.

"ఇది విషమా కాదా" అన్న ప్రశ్నకు జవాబు ఉండదు. ఎంత, ఏ దారిన లోపలికి, ఎన్నాళ్లు, ఎవరి ఒంట్లోకి అని అడిగితేనే ఉంటుంది. మోతాదును బట్టే విషం అని పారాసెల్సస్ 16వ శతాబ్దంలోనే అన్నాడు. మిగిలిన మూడూ తర్వాతి వాళ్లు కలిపారు.

2.8 అనేది గాఢత. మోతాదు కాదు. రోజుకు ఎన్ని లీటర్లు అన్నది కలిపితేనే మోతాదు వస్తుంది. దుకాణంలో కూర్చునే మనిషి 2 లీటర్లు తాగితే 5.6 మి.గ్రా. మే నెలలో చెలకలో పనిచేసే మనిషి 5 లీటర్లు తాగితే 14 మి.గ్రా. 15 కిలోల పిల్లవాడు 1.2 లీటర్లు తాగితే 3.4 మి.గ్రా. ఇప్పుడు బరువుతో భాగించండి. 60 కిలోల కూలీకి కిలోకు 0.23, పిల్లవాడికీ దాదాపు అంతే, దుకాణదారుకు 0.09. ఒకే బోరు, రెండున్నర రెట్ల తేడా. అమెరికా పోషకాహార నిపుణులు పెట్టిన పైహద్దు పెద్దలకు రోజుకు 10 మి.గ్రా., 4–8 ఏళ్ల పిల్లలకు 2.2. కూలీ, పిల్లవాడు ఇద్దరూ గీత దాటారు, దుకాణదారు దాటలేదు. అన్నం, పప్పు ఉడికిన నీళ్లు ఇందులో కలపలేదు.

మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో 1.0 కోరదగిన హద్దు. వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. నల్గొండ ఎండలో 6 లీటర్లు తాగేవాడికి ఆ 1.5 కూడా 9 మి.గ్రా. అవుతుంది. 1.5 లోపు ఉంది, భయం లేదు అని రాసిచ్చే రిపోర్టులు ఈ లెక్క చూడవు.

రాత్రిడ్యూటీ | మంగళవారం, ఉదయం 9:05

పళ్ల సంగతి నేను చెప్తాను. పంటి పింగాణీ తయారయ్యేది సుమారు 8 ఏళ్ల లోపే. ఆ వయసులో ఫ్లోరైడ్ ఎక్కువైతే తెల్ల మచ్చలు, ఆ తర్వాత గోధుమ రంగు చారలు. పింగాణీ పూర్తయ్యాక ఎన్నేళ్లు తాగినా పంటికి గార రాదు. వేరే ఊరి నుంచి పెండ్లయి వచ్చిన కోడలికి పళ్లు తెల్లగా ఉంటాయి, అదే ఇంట్లో పుట్టి పెరిగిన ఆడబిడ్డకు గార ఉంటుంది. పళ్లు బాగున్నాయి కదా అని కోడలిని వదిలేస్తే తప్పు. ఆమె ఎముకలు రోజూ ఫ్లోరైడ్ దాచుకుంటూనే ఉంటాయి.

కడుపులోకి పోయిన ఫ్లోరైడ్‌లో ఎక్కువ భాగం రక్తంలో కలుస్తుంది. పెద్దల్లో అందులో సుమారు సగం మూత్రంలో పోతుంది, మిగతాది ఎముకలో కూర్చుంటుంది. ఎదిగే పిల్లల్లో ఎముక పట్టుకునే వాటా 80 శాతం దాకా ఉంటుంది. రక్తంలో సగం తగ్గడానికి కొన్ని గంటలు చాలు, ఎముకలోంచి తగ్గడానికి ఏళ్లు పడుతుంది. అందుకే రక్త పరీక్ష నార్మల్ వచ్చిందని సంబరపడొద్దు. మూత్రపిండాలు దెబ్బతిన్న వాళ్లకు బయటికి పోయే దారే సన్నబడుతుంది. షుగర్, బీపీ ముదిరి క్రియాటినిన్ పెరిగిన మనిషికి అందరితో సమానంగా 2.8 నీళ్లు పొయ్యొద్దు.

ఇంట్లోనే చూసుకోగల మూడు పరీక్షలున్నాయి. మోకాళ్లు వంచకుండా నేల మీది రూపాయి బిళ్ల తియ్యగలరా? గడ్డం ఛాతీకి ఆనుతుందా? రెండు చేతులూ మడిచి తల వెనక పెట్టగలరా? మూడూ కష్టమైతే ముంజేయి ఎక్స్‌రే తీయించాలి. రెండు ఎముకల నడుమ ఉండే పొర గట్టిపడి గీతలా కనిపిస్తుంది. అది ఎముకల ఫ్లోరోసిస్‌కు, అంటే ఎముకల్లో ఫ్లోరైడ్ పేరుకుని వచ్చే జబ్బుకు, మంచి గుర్తు. కానీ నడుము నొప్పి ఉన్న ప్రతి మనిషికీ ఫ్లోరోసిస్ ముద్ర వెయ్యకండి. కీళ్లవాతం, విటమిన్ డి లోపం, డిస్క్ జారడం కూడా ఇట్లాగే మొదలవుతాయి.

అచ్చంపేట_ఫార్మసీ | మంగళవారం, ఉదయం 9:48

"ఎవరి ఒంట్లోకి" అన్నదానికి నల్గొండలోనే పాత ఉదాహరణ ఉంది. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఇక్కడి పిల్లల్లో మోకాళ్లు లోపలికి ఒరిగి, పాదాలు ఎడంగా పోయే వంకర గురించి రాశారు. ఫ్లోరైడ్ ఒక్కటే అయితే అంతకుముందు అది అంతగా ఎందుకు కనపడలేదు? వాళ్లు చూపించిన దారి ఇది: నాగార్జునసాగర్ వచ్చాక చుట్టుపక్కల నేలలో నీటిమట్టం పెరిగింది, నేల క్షారగుణం పెరిగింది, అక్కడ పండిన జొన్నలో మాలిబ్డినం పెరిగింది. మాలిబ్డినం ఎక్కువైతే ఒంట్లో రాగి బయటికి పోతుంది. రాగి లేకపోతే ఎముక జిగురు సరిగ్గా అల్లుకోదు. దాని మీద ఫ్లోరైడ్. రెండు కారణాలు కలిస్తే ఒక్కొక్కటి చెయ్యగలిగిన దానికంటే ఎక్కువ నష్టం.

కాల్షియం కూడా ఇట్లాంటిదే. భోజనంలో కాల్షియం ఉంటే పేగులోనే ఫ్లోరైడ్‌ను కొంత పట్టుకుంటుంది. పాలు, రాగులు, మునగాకు తినే ఇంట్లో, తినని ఇంట్లో ఒకే 2.8 ఒకే తీరుగా పనిచెయ్యదు.

నాటువైద్యం | మంగళవారం, ఉదయం 10:30

ఇంత లెక్కలెందుకు? నీళ్లు బాగ మరిగించి తాగితే సరిపాయె. చింతపండు పులుసు తాగితె ఫ్లోరైడ్ మూత్రంల పోతదని పెద్దోళ్లే చెప్పిన్రు.

జార్‌టెస్ట్ | మంగళవారం, ఉదయం 10:52

మరిగించడం తప్పు. సూక్ష్మజీవులు చస్తాయి, ఫ్లోరైడ్ ఆవిరి కాదు. రెండు లీటర్లు ఒక లీటరు అయ్యేదాకా మరిగిస్తే 2.8 కాస్తా 5.6 అవుతుంది. గుడ్డలో వడగట్టడం, క్లోరిన్ బిళ్లలు, క్యాండిల్ ఫిల్టరు, ఇవేవీ కరిగిన ఫ్లోరైడ్‌ను ఆపవు.

చింతపండు మాటలో మాత్రం నిజం ఉంది. పోషకాహార సంస్థ వాళ్లే బడి పిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు 18 రోజులు ఇచ్చి చూశారు. మూత్రంలో ఫ్లోరైడ్ పెరిగింది. మూత్రంలో కొంత ఎక్కువ పోవడం వేరు, రోజూ పైనుంచి పోస్తున్న 14 మి.గ్రా.ను గెలవడం వేరు. పులుసు తాగండి, కానీ నీళ్లు మార్చకుండా పులుసును నమ్ముకోకండి.

ఇంకో మూడు: పాలు పొయ్యని టీలోనూ, నల్ల ఉప్పులోనూ, అది కలిపిన వక్కపొడిలోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. నీళ్లు మార్చి, రోజుకు ఆరుసార్లు టీ తాగుతూ, వక్కపొడి నములుతూ ఉంటే లెక్క అనుకున్నంత తగ్గదు.

చెలక_బాయి | మంగళవారం, మధ్యాహ్నం 12:10

లెక్క సమజైంది సార్. పటిక సంగతి చెప్పున్రి. కిరాణం పటిక తెచ్చి ఎంత వెయ్యాలె?

జార్‌టెస్ట్ | మంగళవారం, మధ్యాహ్నం 1:35

ఈ పద్ధతికి ప్రపంచమంతా "నల్గొండ టెక్నిక్" అనే పేరు. నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు మాత్రమే కావాలి. తేలిక అనిపిస్తుంది, తప్పులు కూడా అంతే తేలికగా జరుగుతాయి.

మొదటి తప్పు పటిక దగ్గరే. లెక్కలన్నీ అల్యూమినియం సల్ఫేట్‌తో, అంటే నీటి శుద్ధికి వాడే ఫిల్టర్ ఆలంతో రాసినవి. అందులో అల్యూమినియం సుమారు 9 శాతం. కిరాణంలో దొరికే, గడ్డం గీసుకున్నాక రాసుకునే గాజులాంటి పటిక పొటాష్ ఆలం. అందులో 5.7 శాతమే. ఒకదాని లెక్కతో ఇంకొకటి వేస్తే ఒకటిన్నర రెట్లకు పైగా తేడా. కొనేటప్పుడు అడిగి తీసుకోండి.

100 గ్రాముల ఫిల్టర్ ఆలంను లీటరు నీటిలో కరిగించి పెట్టుకోండి. 1 మి.లీ.లో 100 మి.గ్రా. ఉంటుంది. మీ ఫ్లోరైడ్, మీ ఆల్కలినిటీకి (నీటికి ఆమ్లాన్ని తట్టుకునే గుణం) లీటరుకు 350 మి.గ్రా. దగ్గర మొదలుపెట్టొచ్చు, కానీ పుస్తకం అంకెను గుడ్డిగా వెయ్యొద్దు. మూడు జార్లలో లీటరు చొప్పున నీళ్లు పోసి 3, 3.5, 4 మి.లీ. వేసి చూడండి. ఫ్లోరైడ్ 1 లోపుకు వచ్చిన వాటిలో తక్కువ మోతాదే మీది. 40 లీటర్ల బకెట్‌కు 3.5 అయితే 140 మి.లీ.

ముందు సున్నం: పటిక బరువులో ఇరవయ్యో వంతు, అంటే 14 గ్రాముల పటికకు 0.7 గ్రాము. తర్వాత పటిక ద్రావణం పోసి ఒక నిమిషం వేగంగా, ఆ తర్వాత పది నిమిషాలు మెల్లగా కలపాలి. మెల్లగా అన్నదే ముఖ్యం. దూదిపింజల్లాంటి తెట్టు పెరిగి ఫ్లోరైడ్‌ను పట్టుకునేది అప్పుడే. గరిటెతో గిలకొడితే పింజలు ముక్కలై కిందికి దిగవు. గంటసేపు కదిలించకుండా వదిలెయ్యాలి. నల్లా బకెట్ అడుగునుంచి 5 సెంటీమీటర్లు పైన ఉండాలి, లేకపోతే తెట్టే గ్లాసులోకి వస్తుంది. ఆ తెట్టులో ఫ్లోరైడ్ చిక్కగా ఉంటుంది. బోరు పక్కన, పశువుల కుడితి తొట్టి పక్కన పారబొయ్యొద్దు.

ఎర్రత్రికోణం | మంగళవారం, మధ్యాహ్నం 2:20

సార్, పటిక నీళ్లల్ల అల్యూమినియం మిగుల్తది గద. ఒక విషం తీసి ఇంకోటి కలిపినట్టు కాదా? ఆర్‌ఓ మేలు కాదా?

జార్‌టెస్ట్ | మంగళవారం, మధ్యాహ్నం 2:58

సరైన అభ్యంతరం. నీటిలో అల్యూమినియం హద్దు లీటరుకు 0.03 మి.గ్రా., వేరే దారి లేకపోతే 0.2. పీహెచ్ 6.5 – 7.5 మధ్య ఉంటే అల్యూమినియం తెట్టుగా దిగిపోతుంది. పీహెచ్ అంతకంటే బాగా తగ్గినా పెరిగినా మళ్లీ కరుగుతుంది. ప్రతి 1 మి.గ్రా. పటిక సుమారు 0.5 మి.గ్రా. ఆల్కలినిటీని తింటుంది. వాళ్ల 320లో 175 పోయినా 145 మిగులుతుంది, పీహెచ్ కూలిపోదు. ఆల్కలినిటీ 100 ఉన్న నీటికి ఇదే మోతాదు వేస్తే కూలుతుంది, అక్కడ సున్నం పెంచాలి. సల్ఫేట్ కూడా లీటరుకు సుమారు 170 మి.గ్రా. పెరుగుతుంది. కోరదగిన హద్దు 200, పైహద్దు 400. బోరులో సల్ఫేట్ ముందే 250 ఉంటే ఈ పద్ధతి వద్దు. నా దృష్టిలో ఫ్లోరైడ్ 4–5 దాటిన నీటికి కూడా ఇది పనికొచ్చే పని కాదు, పటిక తాగినట్టే ఉంటుంది.

పరీక్ష చేసేవాళ్లు పడే గోతి ఒకటుంది. ఊళ్లలో వాడే ఎర్రరంగు పరీక్ష, అంటే స్పాడ్స్, అల్యూమినియం ఉంటే ఫ్లోరైడ్‌ను తక్కువ చూపిస్తుంది. పటిక వేసిన నీటిని దాంతో చూసి "0.6 వచ్చింది" అని సంతోషపడితే అసలుది 1.2 ఉండొచ్చు. టైసాబ్ ద్రావణం కలిపి అయాన్ ఎలక్ట్రోడ్‌తో చూడమనండి. అందులోని ఒక పదార్థం అల్యూమినియంను కట్టిపడేసి ఫ్లోరైడ్‌ను వదిలిస్తుంది.

ఆర్‌ఓ బాగా తీస్తుంది, ఒప్పుకుంటాను. కానీ సగం నీళ్లు వృథాగా పోతాయి, ఆ సగంలో ఫ్లోరైడ్ దాదాపు రెట్టింపు. 2.8 వస్తే వృథా నీళ్లలో 5 దాటుతుంది. ప్లాంటు పెట్టినవాళ్లు దాన్ని తీసుకెళ్లి ఇంకుడు గుంతలోకి వదులుతారు, అది మళ్లీ అదే బోరులోకి దిగుతుంది. ఇంకుడు గుంత వాననీటి కోసం.

నిర్వాహకులు | మంగళవారం, సాయంత్రం 5:00

మూడో ప్రశ్న మిగిలింది. పురుగుమందుల మీద రాసేవాళ్లు మనిషిని చంపే మోతాదులు రాయొద్దు. లేబుల్ మీద ఉన్నవి, చికిత్స, జాగ్రత్త వరకే. మనసు బాగా లేనివాళ్లు ఎవరైనా చదువుతుంటే టెలిమానస్ 14416కు ఫోన్ చెయ్యండి, తెలుగులో మాట్లాడతారు.

ఎర్రత్రికోణం | మంగళవారం, సాయంత్రం 6:15

1971 క్రిమిసంహారక మందుల నిబంధనల ప్రకారం త్రికోణం రంగులు నాలుగు. ఎలుకలకు నోటిద్వారా ఒక్కసారి ఇస్తే సగం ఎలుకలు చచ్చే మోతాదును ఎల్‌డీ50 అంటరు. కిలో బరువుకు 1–50 మి.గ్రా. అయితే ఎరుపు, 51–500 పసుపు, 501–5000 నీలం, 5000 దాటితే ఆకుపచ్చ.

ఇందుల మూడు తిరకాసులున్నయి. ఎలుకకు, ఒక్కసారి, నోటితోని. చేన్ల మందు కొట్టే మనిషి ఎలుక కాదు, ఒక్కసారి కొట్టడు, నోటితో తాగడు. ఒంటి చర్మం మీద, సీజనంత, పదిహేను రోజులకోసారి పడుతది. ఆ లెక్క త్రికోణంల లేదు.

పారాక్వాట్ గడ్డిమందు త్రికోణం పసుపే. రంగుల వరుసల ఎరుపు కంటె కింద. కానీ దానికి విరుగుడు లేదు. ఎరుపు రంగు ఆర్గానోఫాస్ఫేట్ మందులకు (నరాల మీద పనిచేసే ఒక జాతి పురుగుమందులు) దవాఖానల విరుగుడు ఉన్నది. రంగు చూసి భయం తక్కువ చేసుకుంటే ఇట్లనే మోసం జరుగుతది.

ఇగ నీళ్లల్ల కలపకముందు, కలిపినంక తేడా చూడున్రి. ప్రొఫెనోఫాస్ అనే పురుగుమందు 50 శాతం ఈసీ (ద్రావకంల కరిగించిన చిక్కటి మందు), లీటరుకు 2 మి.లీ. కలుపుతరు అనుకుందాం. డబ్బాల మందు 1 మి.లీ.ల 500 మి.గ్రా. అసలు మందు. కలిపిన నీళ్లల్ల 1 మి.లీ.కి 1 మి.గ్రా. అంటే మూత తీసేటప్పుడు చెయ్యి మీద కారిన ఒక్క మిల్లీలీటరు, పంపు నీళ్లు అరలీటరు ఒంటి మీద పోసుకున్నదానికి సమానం. జనం కొట్టేటప్పుడు మొకానికి తువ్వాల కట్టుకుంటరు, కలిపేటప్పుడు ఉత్త చేతుల్తోని కలుపుతరు. తిరగబడ్డ జాగ్రత్త. గ్లౌజులు ఉన్నది ఒక్క జతే అయితే కలిపేటప్పుడు వేసుకోవాలె. అదీ నైట్రైల్‌ది. తోలు, గుడ్డ గ్లౌజులు మందు పీల్చి చేతికి అంటిపెట్టుకుంటయి, ఉత్త చెయ్యి కంటె అధ్వానం. తువ్వాల గూడ అంతే. తడిసినంక తియ్యకుంటె అదే మందు పట్టీ.

చర్మం అంత ఒక్కతీరు ఉండదు. ముంజేతితోని పోలిస్తె కడుపు రెండింతలు, తలమాడు నాలుగింతల దాక పీలుస్తది. వృషణాల చర్మం పదింతలకు పైనే. వీపు మీది 16 లీటర్ల పంపు మూత కాడ కారితె నీళ్లు వీపు మీంచి నడుముకు, అక్కడినుంచి లుంగీ లోపలికి పోతయి. చెమట పట్టిన వేడి చర్మం ఇంకా ఎక్కువ పీలుస్తది. అందుకే కొట్టుడు షురూ చేసేముందు పంపుల ఉత్త నీళ్లు పోసి, మూత, పైపు, గొట్టం కారుతున్నయా చూడాలె. రెండు నిమిషాల పని. నాజిల్ మూసుకుపోతె నోటితో ఊదొద్దు, పాత టూత్ బ్రష్‌తో తియ్యాలె.

పత్తి తల ఎత్తు పెరిగినంక కొట్టుడు ఇంకో ప్రమాదం. 2017ల మహారాష్ట్ర యవత్‌మాల్ జిల్లాల పత్తికి మందు కొట్టినోళ్లు ఇరవై మందికి పైన చచ్చిపోయిన్రు. అప్పుడు చెట్లు తలెత్తు పెరిగి మందు మొకం మీదికే వచ్చిందని చెప్పిన కారణాల్ల ఒకటి.

నాటువైద్యం | మంగళవారం, సాయంత్రం 6:50

అందుకే సేంద్రియం మేలంటున్న. కషాయాలు కొడితె ఏ బాధా లేదు.

ఎర్రత్రికోణం | మంగళవారం, సాయంత్రం 7:12

వేపనూనె వరకు ఒప్పుకుంట. అగ్నిఅస్త్రం అనే కషాయంల ఏముంటది? పొగాకు. పొగాకుల నికోటిన్. అది చర్మంల నుంచి సులువుగ దిగుతది, త్రికోణం వేస్తె ఎరుపు రంగుకే దగ్గర. తడి పొగాకు ఆకులు కోసే కూలీలకు వాంతులు, తల తిరుగుడు వచ్చే జబ్బు వేరేగ ఉన్నది. ఉమ్మెత్త, గన్నేరు గూడ చెట్లే గద. కషాయం కాచేటప్పుడు, వడగట్టేటప్పుడు గూడ గ్లౌజులు కావాలె.

రాత్రిడ్యూటీ | మంగళవారం, రాత్రి 9:30

ఆర్గానోఫాస్ఫేట్ ఒంట్లో ఏం చేస్తుందో చెప్తే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి. నరం చివర ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థం విడుదలై కండరానికో గ్రంథికో "పని చెయ్యి" అని చెప్తుంది. చెప్పిన వెంటనే దాన్ని తుడిచెయ్యడానికి కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. మందు ఆ ఎంజైమ్‌కు అతుక్కుంటుంది. తుడిచేవాడు లేక సందేశం ఆగదు. చొంగ, కన్నీళ్లు, చెమట, వాంతులు, విరేచనాలు, గింజలంత చిన్నబడ్డ కంటిపాపలు, ఒంట్లో కండరాలు అదరడం. మనిషిని చంపేది వీటిలో ఏదీ కాదు, ఊపిరితిత్తుల్లో ఊరే నీరు, శ్వాస కండరాలు చచ్చుబడటం.

ఇప్పుడు ఫ్లోరైడ్‌తో పోల్చండి. ఫ్లోరైడ్ పదార్థమే పోగవుతుంది. ఈ మందు చాలామటుకు కొన్ని రోజుల్లో ఒంట్లోంచి పోతుంది, కానీ దెబ్బ పోగవుతుంది. ఎర్రరక్తకణాల్లోని ఎంజైమ్ రోజుకు సుమారు 1 శాతమే కొత్తగా పుడుతుంది. ఒక్క కొట్టుడుకు 15 శాతం పడిపోయిందనుకోండి, పదిహేను రోజుల్లో అది దాదాపు తిరిగొస్తుంది. వారానికే మళ్లీ కొడితే రాదు. మూడు నాలుగు కొట్టుళ్ల తర్వాత, ఇంతకుముందు ఏమీ కాని అదే మోతాదుకు మనిషి పడిపోతాడు. "ఇన్నేళ్ల నుంచి కొడుతున్నాడు, ఈసారి ఏమైంది" అని బంధువులు అడిగేదానికి జవాబు ఇదే. మందు కొట్టడమే పనిగా చేసే కూలీలకు సీజన్ మొదలుకాకముందు ఒకసారి కోలినెస్టరేజ్ చూసి పెట్టుకోవాలి. మనిషి మనిషికీ మామూలు స్థాయి వేరు కాబట్టి, ముందటి అంకె లేకపోతే తర్వాతి అంకెకు అర్థం ఉండదు.

చేనులో మనిషి పడిపోతే: ముందు మీరు గ్లౌజులో, ప్లాస్టిక్ కవర్లో చేతులకు వేసుకోండి. బట్టలన్నీ విప్పండి, మొలతాడు, బెల్టు, చెప్పులతో సహా. తోలు వస్తువులు ఉతికినా మందు పోదు, పారెయ్యాలి. సబ్బుతో తల నుంచి కిందికి 15–20 నిమిషాలు కడగండి. గోళ్లు, చెవుల వెనక, గజ్జలు మర్చిపోతారు. ఎడమ పక్కకు పడుకోబెట్టి, 108కు ఫోన్ చేసి, డబ్బాను లేబుల్‌తో సహా తీసుకురండి. మనిషి ఊపిరి తీసుకోకుండా ఉంటే కడగడం కోసం ఆగొద్దు, ముందు బయల్దేరాలి.

వాంతి చేయించొద్దు. ఉప్పునీళ్లు, చింతపండు నీళ్లు, పసర్లు, మలం కలిపిన నీళ్లు, ఏవీ తాగించొద్దు. ఈసీ మందుల్లో జైలీన్ లాంటి ద్రావకం ఉంటుంది. వాంతిలో అది శ్వాసనాళంలోకి పోతే మందు కంటే ముందు ఊపిరితిత్తి మండిపోతుంది. పాలు, నెయ్యి కూడా వద్దు, నూనెలో కరిగే మందులను పేగు ఇంకా బాగా పీల్చుకుంటుంది.

చిన్న దవాఖానల్లో పనిచేసేవాళ్ల కోసం: ఆర్గానోఫాస్ఫేట్‌కు విరుగుడు అట్రోపిన్, పెద్దవాళ్లకు 1.8–3 మి.గ్రా. నరానికి, ఐదు నిమిషాలకు చూసి చాలకపోతే రెట్టింపు, మళ్లీ ఐదు నిమిషాలకు రెట్టింపు. కంటిపాప పెద్దదవడం కోసం చూడొద్దు. ఛాతీలో గురగుర ఆగాలి, నాడి 80 దాటాలి, పై బీపీ 80 దాటాలి. అక్కడినుంచి డ్రిప్. జ్వరం, పిచ్చి మాటలు, పేగు చప్పుడు లేకపోవడం వస్తే అట్రోపిన్ ఎక్కువైంది. మొదటి రోజు కోలుకున్నాడని జనరల్ వార్డుకు పంపి వదిలెయ్యొద్దు. 24 నుంచి 96 గంటల మధ్య మెడ కండరాలు, ఆ తర్వాత శ్వాస కండరాలు బలహీనపడే దశ ఒకటి వస్తుంది. "తలను దిండు మీంచి ఎత్తు" అని అడిగి చూడండి. ఎత్తలేకపోతే వెంటిలేటర్ ఉన్న చోటికి పంపే సమయం అదే.

పారాక్వాట్‌కు ఒక్క తేడా గుర్తుంచుకోండి. అందరికీ పెట్టినట్టు ఆక్సిజన్ పెట్టొద్దు. ఆ మందు ఊపిరితిత్తుల్లో చేరి ఆక్సిజన్‌తోనే కణాలను కాలుస్తుంది. రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోతే తప్ప ఇవ్వరు.

చెలక_బాయి | బుధవారం, ఉదయం 6:30

మంచిగ చెప్పిన్రు. మందు కల్లు సంగతి గూడ పేరుల పెట్టిన గద. పాలమూరు దిక్కు కల్లు ఆపితె ఫిట్స్ వస్తయంటరు. విషం తాగితె రావాలె గానీ ఆపితె ఎట్ల వస్తయి?

అచ్చంపేట_ఫార్మసీ | బుధవారం, ఉదయం 8:05

చెట్టు నుంచి దిగిన అసలు కల్లు ఆపితే రావు. చాలని కల్లుకు నీళ్లు, శాకరిన్ కలిపి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, ఆల్ప్రజోలామ్ కలుపుతారు, అదీ మందు కల్లు. ఈ మూడూ మెదడులో గాబా అనే బ్రేకును తొక్కుతాయి. రోజూ ఎవరో బ్రేకు తొక్కుతుంటే మెదడు తన సొంత బ్రేకు సడలించి, యాక్సిలరేటర్ పెంచుకుంటుంది. అందుకే మొదట్లో ఒక సీసాకు మత్తెక్కిన వాడికి ఏడాది తర్వాత నాలుగు కావాలి. ఒక్కసారిగా ఆపితే బయటి బ్రేకు పోతుంది, సొంతది లేదు. చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం, గోడ మీద లేనివి కనపడటం, ఫిట్స్. ఆల్ప్రజోలామ్ అయితే ఒకటి రెండు రోజుల్లోనే, డైజెపామ్ అయితే వారం దాకా ఆలస్యంగా. 2015లో దాడులు చేసి కల్లు ఒక్కసారిగా ఆపినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల దవాఖానలు ఇట్లాంటి మనుషులతోనే నిండాయి.

దీనికి చికిత్స అదే జాతి మందును లెక్కపెట్టి ఇచ్చి, రోజురోజుకు తగ్గించడం. డాక్టరు చేతిలో జరగాలి. ఇంట్లో తలుపు గొళ్లెం పెట్టి మాన్పించడం ప్రాణం మీదికి తెస్తుంది.

క్లోరల్, కల్లులోని ఆల్కహాలు ఒకదాన్ని ఒకటి ఎగదోస్తాయి. కాలేయంలో క్లోరల్ ట్రైక్లోరోఇథనాల్‌గా మారుతుంది, మత్తు దానిదే. ఆల్కహాలు ఉంటే ఆ మార్పు పెరుగుతుంది, అదే సమయంలో ఆల్కహాలు అరగడం తగ్గుతుంది. ట్రైక్లోరోఇథనాల్ గుండెను కూడా అడ్రినలిన్‌కు అతిగా స్పందించేలా చేస్తుంది. మత్తులో పడి ఉన్న మనిషి గుండె లయ తప్పడానికి కారణం అది. అక్కడ బీపీ కోసం అడ్రినలిన్ ఎక్కిస్తే ఇంకా చెడుతుంది, బీటా బ్లాకర్ పనిచేస్తుంది.

ల్యాబులో పట్టుకోవడం కష్టం కాదు. పిరిడిన్, క్షారం కలిపి వేడి చేస్తే క్లోరల్ ఉన్న కల్లు గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆల్ప్రజోలామ్‌కు మాత్రం పెద్ద యంత్రం కావాలి. నాలుక మీద చేదు, మూతి తిమ్మిరి చూసి చెప్తామనే వాళ్లను నమ్మొద్దు.

మూసీఒడ్డు | బుధవారం, ఉదయం 9:20

పెద్దగట్టు, లంబాపూర్ దిక్కు యురేనియం ఉందంటారు కదా. నీళ్లలో యురేనియం అంటే రేడియేషనేనా?

జార్‌టెస్ట్ | బుధవారం, ఉదయం 9:41

తాగే నీటిలో సహజ యురేనియం ముందు మూత్రపిండాన్ని దెబ్బతీస్తుంది, అదీ లోహంగా. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు అని బరువులో పెట్టింది. ఫ్లోరైడ్ పరీక్షలో ఇది కనపడదు, వేరేగా అడగాలి. బోరు 2.8 వచ్చింది కాబట్టి, ఈసారి శాంపిల్ ఇచ్చేటప్పుడు నైట్రేట్, యురేనియం కూడా రాయించండి. రెండూ గ్రానైటు బోర్లలో ఫ్లోరైడ్‌తో పాటు కనపడొచ్చు.

చెలక_బాయి | బుధవారం, ఉదయం 10:15

సరే సార్. శాంపిల్ గాజు సీసల తేవాల్నా, ప్లాస్టిక్‌దా?

జార్‌టెస్ట్ | బుధవారం, ఉదయం 10:19

ప్లాస్టిక్‌ది. ఫ్లోరైడ్‌కు గాజు వద్దు. కూల్‌డ్రింక్ సీసా కాకుండా కొత్త నీళ్ల సీసా తీసుకోండి. మోటారు ఐదు నిమిషాలు నడిపించి, అదే నీళ్లతో మూడుసార్లు కడిగి, అంచుదాకా నింపండి. సీసా మీద బోరు లోతు, తేదీ రాయండి. యురేనియంకు వేరే సీసా, అందులో ఏ ఆమ్లం ఎంత వెయ్యాలో ల్యాబు వాళ్లే చెప్తారు. పటిక వేసిన నీళ్లు కూడా ఇస్తున్నట్టయితే "ఆలం వేసినది" అని పెద్దక్షరాల్లో రాయండి, లేకపోతే స్పాడ్స్‌తోనే చూసేస్తారు.